ట్రకోమా: కంట్లో రెప్పవెంట్రుకే ముల్లైతే

[తెర మీద: బాగా దగ్గరగా ఒక కన్ను. రెప్ప పడుతుంది, లేస్తుంది.]

కంట్లో నలుసు పడితే అది పోయేదాకా ఇంకే పనీ చెయ్యబుద్ధి కాదు. ఆ నలుసు మన రెప్పవెంట్రుకే అయితే? రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డును గీకుతూ ఉంటే? ట్రకోమా అనే కంటిజబ్బు ముదిరినవాళ్ల బాధ అదే.

దీనికి కారణం క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా. ఎక్కువగా చిన్నపిల్లలకు సోకుతుంది. కళ్లు ఎర్రబడతాయి, పుసులు కడతాయి. ఒక్కోసారి పైకి ఏమీ కనిపించదు. కళ్లకలకేలే అని వదిలేస్తాం. డాక్టర్ పైరెప్ప తిప్పి చూస్తే తెలుస్తుంది.

[తెర మీద: తిప్పిన పైరెప్ప. లోపల ఉడికిన సగ్గుబియ్యంలా తెల్లటి పొక్కులు.]

ఒక్కసారి సోకితే చూపేం పోదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ సోకితేనే ప్రమాదం. రెప్ప లోపల మచ్చలు కడతాయి. ఆ మచ్చలు బిగుసుకుని రెప్ప అంచును లోపలికి లాగేస్తాయి. వెంట్రుకల రాపిడికి నల్లగుడ్డు తెల్లబడుతుంది. కొందరు పట్టకారుతో వాటిని పీకేసుకుంటారు. కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది, మళ్లీ మొలుస్తాయి.

ఎలా అంటుకుంటుంది? పుసి అంటిన వేళ్లు, తువ్వాళ్లు, దుప్పట్లు. ఆపైన ఈగలు. ఒక రకం ఈగ పిల్లల కళ్ల పుసి మీద వాలుతుంది, ఆరుబయట మలంలో గుడ్లు పెడుతుంది. మరుగుదొడ్డికీ కంటికీ సంబంధమేంటని నవ్వకండి, ఇదే సంబంధం! పిల్లల్ని ఎత్తుకుని సాకేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి, చూపు పోయే ముప్పు వాళ్లకు మగవాళ్లకంటే నాలుగు రెట్ల దాకా ఉంటుంది.

[తెర మీద: పిల్లాడి ముఖం కడుగుతున్న చేతులు.]

మందుంది: అజిత్రోమైసిన్. జబ్బు ఎక్కువున్న చోట ఊరందరికీ ఒకేసారి ఇస్తారు, ఎందుకంటే ఒక్క పిల్లాడికే ఇస్తే పక్కింటి పిల్లాడి నుంచి మళ్లీ వస్తుంది. కానీ నన్నడిగితే మందు సగమే. పుసి లేని ముఖం మీద ఈగకు పనిలేదు. రోజూ ముఖం కడగండి, కళ్ల మూలలు వదలొద్దు. ఎవరి తువ్వాలు వాళ్లదే. 2024లో భారతదేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మందులతో పాటు శుభ్రత, నీళ్లు, మరుగుదొడ్ల మీద కూడా పనిచేస్తేనే అది సాధ్యమైంది.

వెంట్రుకలు ఇప్పటికే గుడ్డుకు తగులుతున్నాయా? అయితే పీక్కుంటూ కూర్చోవద్దు. రెప్పకు మాత్రమే మత్తు ఇచ్చి, చిన్న ఆపరేషన్‌తో అంచును బయటికి తిప్పుతారు. అయితే నల్లగుడ్డు తెల్లబడకముందే వెళ్లాలి. ఆపరేషన్ రాపిడిని ఆపుతుంది గానీ, పోయిన చూపును తేలేదు.