స్టాకు చెప్పేది గతం కాదు

అందరికీ నమస్కారం. కెర్నెల్ క్రాష్ డంపులో స్టాకును ఎలా చదవాలో చెప్పమని నన్ను పిలిచారు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, అది కూలినప్పుడు దాచిన మెమరీ ప్రతి క్రాష్ డంపు, ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునేటప్పుడు గుర్తులు రాసుకునే మెమరీ స్టాకు. ముందు ఎలా చదవకూడదో చెబుతాను. అందులో నాకు అనుభవం ఎక్కువ.

కొన్నేళ్ల కిందట ఒక సర్వరు తరచూ పానిక్ అయ్యేది, అంటే కోలుకోలేని తప్పు ఎదురై కెర్నెల్ ఆగిపోయేది. అలా ఆపే ఫంక్షను పేరూ పానిక్కే. దాని డంపు నా దగ్గరికి వచ్చింది. బ్యాక్‌ట్రేసు, అంటే ఏ ఫంక్షనును ఏది పిలిచిందో చెప్పే జాబితా, తీయడానికి నేనే ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. మంచి పరికరాలు ఉండగా సొంతంగా ఎందుకు రాశావని అడగకండి, ఆ వయసు అలాంటిది. పానిక్‌ను పిలిచింది ఫలానా ఫంక్షనేనని ఆ స్క్రిప్టు ఒక పేరు చూపించింది. అది డిస్కు డ్రైవరులో టైమరును మళ్లీ మొదలుపెట్టే ఫంక్షను. రెండు రోజులు దాన్ని వరుస వరుసా చదివాను. పానిక్ అన్న మాటే అందులో లేదు. కంపైలరును అనుమానించాను, మెమరీ చిప్పులను అనుమానించాను, ఆ డ్రైవరు రాసినవాళ్లను మనసులో తిట్టుకున్నాను. నా స్క్రిప్టును తప్ప అందరినీ అనుమానించాను. తీరా చూస్తే ఆ ఫంక్షను ఏ పాపం ఎరుగదు. పానిక్‌ను పిలిచింది దాని పక్కింటి ఫంక్షను. ఒక్క బైటు తేడాలో నేను తప్పు ఇంటి తలుపు తట్టాను.

ఆ ఒక్క బైటు ఎక్కడిదో తెలియాలంటే కాల్ అనే సూచన ఏం చేస్తుందో చూడాలి. నా ఉదాహరణలన్నీ లినక్స్‌వి, 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసరువి. కాల్ రెండు పనులు చేస్తుంది. తన తర్వాతి సూచన చిరునామాను స్టాకు మీద పెడుతుంది, ఆపైన పిలిచిన ఫంక్షనులోకి దూకుతుంది. స్టాకు మీద పడింది 'ఎక్కడి నుంచి వచ్చాను' అన్నది కాదు, 'పని అయ్యాక ఎక్కడికి పోవాలి' అన్నది. పేరు కూడా రిటర్ను అడ్రసే కదా. బ్యాక్‌ట్రేసును మనం గతచరిత్రలా చదువుతాం. నిజానికి అది ఇంకా జరగని ప్రయాణాల జాబితా.

బస్‌స్టాండులో స్పృహ తప్పి పడిపోయిన మనిషి జేబులో తిరుగు టికెట్టు దొరికిందనుకోండి. దాని మీద గుంటూరు అని ఉంటే, గుంటూరు నుంచి వచ్చి ఉంటాడని అనుకుంటాం. చాలాసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది. కానీ తెనాలి నుంచి వచ్చి గుంటూరుకు వెళ్లవలసినవాడు కూడా ఉంటాడు. స్టాకును విప్పడం, అదే అన్‌వైండింగ్, అంటే జేబులోని టికెట్లను బట్టి ప్రయాణాన్ని ఊహించడం.

తెనాలి మనిషి కెర్నెల్‌లో రోజూ కనిపిస్తాడు. ఒక ఫంక్షను తన ఆఖరి పనిగా ఇంకొకదాన్ని పిలిస్తే, కంపైలరు కాల్ బదులు జంప్ పెట్టేస్తుంది. మధ్యలోని ఫంక్షను తన టికెట్టును అవతలి ఫంక్షను చేతిలో పెట్టి తప్పుకుంటుంది. ట్రేసులో దాని పేరు ఉండదు. 'ఈ ఫంక్షను ఆ ఫంక్షనును ఎక్కడా పిలవడం లేదే' అని తల పట్టుకునేవాళ్లు ముందు చూడవలసింది ఇదే. ఇక ఫంక్షన్ల రాకపోకలను గమనించే ఫంక్షన్ గ్రాఫ్ ట్రేసరు, కెరెట్‌ప్రోబ్ లాంటివి నడుస్తుంటే అవి ఏకంగా టికెట్టునే మార్చేస్తాయి. అసలు రిటర్ను అడ్రసును వేరేచోట దాచి, ఆ స్థానంలో తమ సొంత చిరునామా పెడతాయి. కొత్త ఆర్మ్ ప్రాసెసర్లలోనైతే చిరునామా పై బిట్లలో ఒక ముద్ర కూడా ఉంటుంది, అది తీసేస్తే తప్ప చిరునామా చదవలేం.

ఇప్పుడు నా రెండు రోజుల సంగతి. పానిక్ తిరిగిరాని ఫంక్షను. ఆ సంగతి కంపైలరుకు తెలుసు కాబట్టి, పానిక్‌ను పిలిచే కాల్ తర్వాత ఏ సూచనా రాయదు. ఫంక్షను చిట్టచివర ఆ కాల్ ఉంటే, దాని తర్వాతి చిరునామా ఆ ఫంక్షను హద్దు దాటిపోతుంది. ఫంక్షన్ల మొదళ్లను సాధారణంగా 16 బైట్ల హద్దుకు సరిపెడతారు కాబట్టి మధ్యలో కొంత ఖాళీ ఉంటే బతికిపోతాం. కాల్ సరిగ్గా హద్దు దగ్గర ముగిస్తే మాత్రం రిటర్ను అడ్రసు పక్క ఫంక్షను మొదటి బైటే. నా స్క్రిప్టు చూపించిన పేరు పక్కన దూరం సున్నా అని స్పష్టంగా ఉంది. రిటర్ను అడ్రసు ఒక ఫంక్షను మొదటి బైటు మీద ఉండటం ఎంత వింతో ఆ రెండు రోజులూ నాకు తట్టలేదు. మందు చిన్నదే: చిరునామాలోంచి ఒకటి తీసేసి, అప్పుడు పేరు వెతకాలి. కెర్నెల్ తన ట్రేసులను అచ్చు వేసేటప్పుడు చేసేది అదే.

అయితే అన్నిచోట్లా ఒకటి తీసేయకూడదు. పేజీ ఫాల్టో (అందని మెమరీని తాకడం), ఇంటరప్టో (పరికరం నుంచి వచ్చే పిలుపు) వచ్చినప్పుడు ప్రాసెసరు స్టాకు మీద పెట్టేది వేరే రకం కాగితం. ఫాల్టు వచ్చినప్పుడు అందులో ఉండే చిరునామా సరిగ్గా ఆ తప్పు చేసిన సూచనదే. అది భవిష్యత్తు కాదు, వర్తమానం. ఫంక్షను మొదటి సూచనలోనే ఫాల్టు వస్తే, అలవాటుగా ఒకటి తీసేసినవాడు ముందింటి తలుపు తడతాడు. నేను అదీ చేశాను. ఎక్స్86లో ప్రాసెసరు పెట్టినవీ కెర్నెల్ కలిపినవీ చేరి ఈ రిజిస్టర్ల (ప్రాసెసరు లోపలి చిన్న నిల్వ గళ్ల) కట్ట 21 గళ్లది, అంటే 168 బైట్లు. ట్రేసు మధ్యలో అది ఎదురైతే ఆగి, దానికి పైనున్న ఫ్రేములను (ఒక్కో ఫంక్షనుకు స్టాకులో దక్కిన భాగాలను) ఒక లెక్కలో, దాన్ని ఇంకో లెక్కలో చదవాలి.

డంపు ఎలా పుడుతుందో రెండు మాటలు. చచ్చినవాడు తన పంచనామా తాను రాసుకోలేడు. అందుకే కెడంప్ పద్ధతిలో ముందే కేటాయించిన మెమరీలో రెండో కెర్నెల్ సిద్ధంగా ఉంటుంది. మొదటిది కూలగానే అది లేచి, పోయినవాడి మెమరీని వీఎంకోర్ అనే ఫైలుగా చూపిస్తుంది. దీనికి ఆధారమైన కెక్సెక్ 2005లో 2.6.13 కెర్నెల్‌లో చేరింది. ఆ ఫైలును తెరవడానికి క్రాష్ అనే పరికరం ఉంది, ఈమధ్య డ్రగన్ కూడా వాడుతున్నారు.

ప్రతి థ్రెడ్డుకూ కెర్నెల్‌లో 16 కిలోబైట్ల స్టాకు ఉంటుంది. 2014 దాకా 8 మాత్రమే. మామూలుగా ఈ స్టాకును ఎవరూ తుడవరు. బడిలో పలక తుడవకుండా దాని మీదే మళ్లీ రాసే పిల్లవాడిలా, కెర్నెల్ పాత రాతల మీద కొత్త రాతలు రాస్తుంది. పెద్ద ఫ్రేము వచ్చి కొన్ని గళ్లను వాడకుండా వదిలేస్తే, అంతకుముందెప్పుడో ముగిసిపోయిన కాల్ తాలూకు రిటర్ను అడ్రసు ఆ గళ్లలో చెక్కుచెదరకుండా ఉంటుంది. కెర్నెల్ కోడులా కనిపించే ప్రతి చిరునామానూ ఏరుకుంటూ పోతే బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ ఒకే వరుసలో నిలబడతారు. తప్పు ఎదురైనప్పుడు కెర్నెల్ అచ్చు వేసే ఊప్స్ సందేశంలో కొన్ని పేర్ల ముందు ప్రశ్నార్థకం ఉంటుంది కదా, 'ఈ చిరునామా స్టాకులో ఉంది గానీ ఇది నిజం ఫ్రేమని నేను పూచీ పడను' అని దాని అర్థం. వాటిని పూర్తిగా కొట్టేయకండి, సాక్ష్యంగానూ నమ్మకండి. కాసేపటి కిందట ఈ థ్రెడ్డు ఎటు తిరిగిందో చెప్పే వదంతులవి. ఒక్కోసారి వదంతే కేసు తేలుస్తుంది.

నిజం ఫ్రేమేదో తేల్చడానికి చేత్తో చేసే పద్ధతి ఒకటుంది. ఇది రానివాళ్లు పరికరం మొండికేసినప్పుడు నిస్సహాయులైపోతారు, అందుకని కాస్త ఓపిక పట్టండి. అనుమానం ఉన్న చిరునామాకు వెనక ఉన్న బైట్లు చూడండి. అక్కడ కాల్ సూచన లేకపోతే అది రిటర్ను అడ్రసు కాదు. మామూలు కాల్ 5 బైట్లది, మొదటి బైటు పదహారు లెక్కలో E8. ఆ కాల్ వెళ్లే గమ్యం, లోపలి ఫ్రేములోని ఫంక్షను ఒకటేనా చూడండి. కాకపోతే మధ్యలో తెనాలి మనిషి ఉన్నాడా అని అడగండి.

తర్వాత ఫ్రేము కొలత. లోపలి రిటర్ను అడ్రసు 7908 అనే గడిలో ఉందనుకోండి. ఇవన్నీ పదహారు ఆధారంగా రాసిన అంకెలు, ముందుండే పొడవాటి భాగం వదిలేస్తున్నాను. అయితే పిలిచిన ఫంక్షను స్టాకు అంచు 7910. ఇప్పుడు ఆ ఫంక్షను మొదట్లోని సూచనలు చదవండి. ఆర్15, ఆర్14, ఆర్13, ఆర్12, ఆర్‌బీపీ, ఆర్‌బీఎక్స్ అని ఆరు రిజిస్టర్లను స్టాకు మీదకు తోసింది. అవి 48 బైట్లు. తర్వాత స్థానిక చరరాశుల కోసం 40 బైట్లు తీసుకుంది. మొత్తం 88, పదహారు లెక్కలో 58. 7910కి 58 కలిపితే 7968. బయటి రిటర్ను అడ్రసు అక్కడే ఉండాలి. ఉంటే దాని వెనక కాల్ ఉందా అని మళ్లీ మొదటి పరీక్ష. ఎక్కడ లెక్క తప్పిందో, చాలావరకు అక్కడే ఎవరో స్టాకును తొక్కారు.

ఇంత కష్టం దేనికంటే, పేర్ల కోసం కాదు. ఆ ఫంక్షను లోపలికి వచ్చేటప్పుడు దాచిన ఆర్‌బీఎక్స్ విలువ 7938లో ఉంది. అది దాన్ని పిలిచిన ఫంక్షను తాలూకు విలువ. డిస్‌అసెంబ్లీ (యంత్రభాషను చదవగలిగే సూచనలుగా మార్చిన రూపం) చూస్తే ఆ బయటి ఫంక్షను ఆర్‌బీఎక్స్‌లో ఏ పాయింటరు పెట్టుకుందో తెలుస్తుంది. ఏ ఇనోడు (ఫైలు వివరాల నమోదు), ఏ లాకు, ఏ డిస్కు రిక్వెస్టు అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ట్రేసులోని పేర్లు ఎఫ్ఐఆర్ లాంటివి, అసలు సొత్తు ఈ గళ్లలో ఉంటుంది.

ఈ లెక్కలన్నీ యంత్రంతోనే చేయించవచ్చు కదా అంటారు. చేయించారు, గొడవలు కూడా పడ్డారు. పాత పద్ధతిలో ప్రతి ఫంక్షనూ ఆర్‌బీపీలో ఫ్రేము పాయింటరు ఉంచుతుంది. గొలుసు పట్టుకుని నడిస్తే చాలు. కానీ ప్రతి ఫంక్షనూ ఆ సుంకం కట్టాలి, కొన్ని పనుల్లో వేగం 5 నుంచి 10 శాతం తగ్గింది. డీబగ్గర్లు వాడే డ్వార్ఫ్ పట్టికలను చదివే అన్‌వైండరు 2006లో కెర్నెల్‌లోకి వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోగానే లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని తీసేశారు. కూలిపోతున్న కెర్నెల్ కథ చెప్పవలసినదే మధ్యలో తడబడితే ఎలా అన్నది ఆయన కోపం. నేను ఆయన పక్షమే. 2017లో, 4.14 కెర్నెల్‌లో, జోష్ పోయిమ్‌బోఫ్ రాసిన ఆర్క్ వచ్చింది. ఆబ్జ్‌టూల్ అనే పరికరం కెర్నెల్ కట్టేటప్పుడే సూచనలన్నీ చదివి, ఏ చిరునామా దగ్గర స్టాకు అంచు ఎంత దూరంలో ఉంటుందో చిన్న పట్టికగా రాసిపెడుతుంది. ఇందాక మనం చేత్తో వేసిన 88 లెక్క ముందే వేసి ఉంటుందన్నమాట. కొన్ని మెగాబైట్ల మెమరీ పోతుంది, ఫంక్షన్ల నడక మాత్రం తేలికపడుతుంది. డ్వార్ఫ్ అంటే మరుగుజ్జులు, ఆర్క్‌లు పాశ్చాత్య కథల్లో వాళ్ల శత్రువులు. అందుకే ఆ పేరు.

పట్టికకూ అందనివి ఉంటాయి. శూన్య పాయింటరును ఫంక్షను అనుకుని పిలిస్తే ప్రాసెసరు సున్నా చిరునామాకు దూకి అక్కడే ఫాల్టు అవుతుంది. సున్నాకు పట్టికలో వరుస ఎక్కడుంటుంది? కానీ భయపడనక్కర్లేదు. పిలవబడింది ఒక్క సూచన కూడా నడవలేదు, కాబట్టి టికెట్టు స్టాకు కొసనే ఉంటుంది. స్టాకు కొస ఎక్కడో దాచుకునే రిజిస్టరు ఆర్‌ఎస్‌పీ, అది చూపే గడి తెరిస్తే చాలు. 2019లో జాన్ హార్న్ సరిగ్గా దీనికోసమే ఆర్క్‌కు ఒక ప్రత్యేక వరుస చేర్చారు.

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. వర్చువల్ మెషీన్‌లో కెడంప్ సిద్ధం చేసుకుని, కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గరు ఫైలులో 'సి' అనే ఇంగ్లిషు అక్షరం రాయండి. ఆఫీసు సర్వరు మీద కాదు, దయచేసి. ఇప్పటి కెర్నెళ్లలో అది సిస్‌ఆర్‌క్యూ హ్యాండిల్ క్రాష్ అనే బుల్లి ఫంక్షనుకు చేరి, అక్కడి నుంచి పానిక్‌ను పిలుస్తుంది. డంపు తెరిచి, పరికరం సాయం లేకుండా స్టాకు విప్పండి. పానిక్ ఫ్రేముకు పైనున్న రిటర్ను అడ్రసు దగ్గరికి వచ్చాక, అక్కడ ఏ సూచన ఉందో డిస్‌అసెంబ్లీలో చూడండి. ఆ బుల్లి ఫంక్షనుకు చెందిన సూచన అక్కడ కనిపించకపోతే, నా రెండు రోజులు ఎలా పోయాయో మీకు రెండు నిమిషాల్లో తెలిసినట్టే.