ముందు ప్రశ్న చూపించండి

మిత్రులారా,

1993 ఏప్రిల్‌లో అమెరికా పత్రికల్లో ఒక సర్వే వార్త వచ్చింది. నాజీలు యూదులను ఊచకోత కోశారన్న విషయాన్నే దేశంలో ఐదుగురిలో ఒకరికి పైగా శంకిస్తున్నారని దాని సారాంశం. వాషింగ్టన్‌లో ఆ ఊచకోతను గుర్తుచేసే హోలోకాస్ట్ మ్యూజియం తెరుచుకుంటున్న రోజులవి. మృత్యు శిబిరాల నుంచి బయటపడినవాళ్లు ఎందరో అప్పటికి బతికే ఉన్నారు. ఆ వార్త చదివి వాళ్లెంత కుమిలిపోయి ఉంటారో ఆలోచించండి.

అమెరికన్ జ్యూయిష్ కమిటీ అనే యూదుల సంఘం కోసం రోపర్ సంస్థ 1992లో చేసిన సర్వే అది. ఆ ప్రశ్న తెలుగులో ఇలా ఉంటుంది: "నాజీలు యూదులను నిర్మూలించడమనేది అసలు జరగనే లేదనడం మీకు సాధ్యమనిపిస్తోందా, అసాధ్యమనిపిస్తోందా?"

విన్న వెంటనే జవాబు చెప్పగలరా? ఊచకోత జరిగిందని నమ్మే మనిషి ఇక్కడ 'అసాధ్యం' అనాలి. కాగితం మీద రెండోసారి చదువుకుంటే తప్ప అర్థం కాని వాక్యాన్ని ఎదుటివాళ్లు చదివి వినిపిస్తే ఎవరైనా తడబడతారు. 22 శాతం 'సాధ్యం' అన్నారు. మరో 12 శాతం తెలియదన్నారు.

1994లో రోపర్ మళ్లీ అడిగింది. "జరగలేదనడం సాధ్యమనిపిస్తోందా, లేక జరిగిందని మీకు కచ్చితంగా తెలుసా?" అన్న ధోరణిలో ప్రశ్న మార్చింది. ఈసారి సాధ్యమన్నవాళ్లు 1 శాతం, జరిగిందని కచ్చితంగా చెప్పినవాళ్లు 91 శాతం. రెండేళ్లలో ఏ దేశమూ అంతగా మారిపోదు.

రోపర్ ఊరూ పేరూ లేని సంస్థ కాదు, దశాబ్దాల అనుభవం ఉన్నది. అయినా ఒక మెలిక వాక్యంతో కోట్లాది మంది మీద చరిత్రను కాదంటున్నారన్న నింద పడింది. కొద్దిమందినే అడగడం వల్ల వచ్చే తేడాను చెప్పడానికి సర్వే వార్తల అడుగున వేసే 'మూడు శాతం అటూ ఇటూ' అన్న లెక్కలో ఇలాంటి తప్పు ఎక్కడా కనిపించదు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది అదే.

జాగ్రత్తపడితే ఇది తప్పించుకోలేనిదేమీ కాదు. బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అన్న స్కాట్లాండ్ రిఫరెండానికి (ప్రజల ఓటింగ్‌కు) ముందు అక్కడి ప్రభుత్వం "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు అంగీకరిస్తారా?" అని అడగాలనుకుంది. బ్రిటన్ ఎన్నికల కమిషన్ దాన్ని మామూలు జనం ముందు పెట్టి పరీక్షించింది. 'అంగీకరిస్తారా' అన్న మాట జనాన్ని 'అవును' వైపు నెడుతోందని 2013లో తేల్చింది. ప్రభుత్వం ఒప్పుకుంది. 2014 బ్యాలెట్ మీద "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని మాత్రమే ఉంది.

మీలో చాలామంది రేపు పత్రికల డెస్కుల్లో కూర్చుంటారు. సర్వే ఫలితాలు చేతికి రాగానే ప్రశ్నను ఏ మాటల్లో అడిగారో, దాని ముందు ఇంకేం అడిగారో ఆ సంస్థ నుంచి రాబట్టండి. శాతాల పక్కనే ఆ ప్రశ్నను పూర్తిగా అచ్చు వేయండి. ఇవ్వడానికి వాళ్లు నిరాకరిస్తే ఆ వార్త వేయకండి.