కట్టకు లోపలి వైపు ఇల్లు

వ్యాఖ్యాత: హ్యూస్టన్‌కు పడమర, ముఖ్యంగా కేటీ ప్రాంతంలో, తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆడిక్స్, బార్కర్ ఆనకట్టలు అక్కడే. రోడ్డు మీద నుంచి చూస్తే గడ్డి మొలిచిన పొడవాటి గట్టులా ఉంటాయి కదండీ?

అతిథి: అవునండీ, రెండూ మట్టికట్టలే. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 1929లో, మళ్లీ 1935లో బఫెలో బయూ అనే వాగు పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత సైన్యపు ఇంజనీర్లు బార్కర్‌ను 1945లో, ఆడిక్స్‌ను 1948లో పూర్తి చేశారు. మామూలు రోజుల్లో లోపల నీరుండదు. అడవి, పార్కులు, ఆటస్థలాలు ఉంటాయి. పెద్ద వాన వస్తే గేట్లు మూసి, దిగువన వాగు తగ్గాక మెల్లగా వదులుతారు.

వ్యాఖ్యాత: మరి 2017లో హార్వీ తుపానప్పుడు? కట్ట తెగిందా?

అతిథి: తెగలేదు. తెగకుండానే ఇళ్లు మునిగాయి! కట్ట నిండితే నీరు ఎంత దూరం పాకుతుందో, అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. మిగిలింది ప్రైవేటు వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. అప్పట్లో అవి వరి పొలాలు, పశువుల మేత భూములు. తర్వాత అక్కడే కాలనీలు వచ్చాయి. హార్వీ వానకు నీరు కట్ట వెనుక పేరుకుని నేరుగా వాటిలోకి వెళ్లింది. ఆగస్టు 28న గేట్లు ఎత్తితే దిగువన వాగు పక్క ఇళ్లూ మునిగాయి.

వ్యాఖ్యాత: ఇళ్లు కొన్నవాళ్లకు ముందే తెలియదా?

అతిథి: నాకు కోపం వచ్చేది ఇక్కడేనండీ. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని లేఅవుట్ పటాల మీద, ఈ స్థలం బార్కర్ నీటి ముంపుకు గురికావచ్చని రాసే ఉంది. కొనేవాళ్లకు ఆ పటం ఎవరు చూపిస్తారు? మంచి బడి, విశాలమైన వంటగది చూపిస్తారు. పైగా చాలా ఇళ్లు వరద బీమా తప్పనిసరి అయిన ప్రాంతంలో లేవు. బీమా లేక జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నారు. ఎగువ ఇళ్ల విషయంలో బాధ్యత ప్రభుత్వానిదేనని 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు తేల్చింది.

వ్యాఖ్యాత: 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ కూడా ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం, గురించిన గొడవలు వింటూనే ఉన్నాం.

అతిథి: అక్కడా ఇక్కడా అడగాల్సింది ఒకటే. కట్ట పూర్తిగా నిండితే నీటిమట్టం ఎంత, మన ఇంటి గడప ఎత్తు ఎంత? బయానా ఇవ్వకముందే ఈ రెండు అంకెలూ రాతపూర్వకంగా తీసుకోండి.