గిన్నెకి ఏ చెక్క మంచిది? నిద్రగన్నేరు, మామిడి, వేప రివ్యూ

నమస్కారమండీ. టేబుల్ మీదున్న ఈ మూడు గిన్నెలూ ఇంట్లో చిన్న లేత్ మీద, అంటే చెక్కని గిరగిరా తిప్పే మెషిన్ మీద చేసినవే. ఇది నిద్రగన్నేరు, ఇది మామిడి, ఆ చివరది వేప. ఏ లేత్ కొనమంటారని చాలామంది అడుగుతున్నారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది చెక్క సంగతి. మన బెజవాడ ఎండలకి చెక్క పగిలిందంటే, మెషిన్ ఎంత మంచిదైనా లాభం లేదు.

అసలు ఎందుకు పగులుతుందంటే, చెక్క ఆరేటప్పుడు అన్నివైపులా ఒకేలా కుంచించుకుపోదు. దుంగ చుట్టూ ఎంత లాక్కుంటుందో, నడిమి నుంచి బెరడు వైపుకి దాదాపు అందులో సగమే లాక్కుంటుంది. ఆ తేడాకే చీలిక వస్తుంది. అందుకే సామిల్లులో దుంగని నిలువునా రెండుగా కోయించి, నడిమధ్య భాగం తీసేయించండి.

ఇక నిద్రగన్నేరు. కాలవగట్ల మీద, రోడ్ల పక్కన మనం రోజూ చూసే చెట్టే. ఆరేటప్పుడు ఇది చాలా తక్కువ కుంచించుకుపోతుంది, దీని అసలు గొప్పతనం అదే. హవాయి దీవుల్లో ఇదే చెక్కని పచ్చిగా ఉండగానే గిన్నెలుగా మలిచి అమ్మేవాళ్ళు. ఇటు చూడండి, లోపల ముదురు గోధుమ రంగు చేవ, అంచు దగ్గర మీగడ రంగు. ఈ రెండూ కలిసేచోట రంగెయ్యాల్సిన పనే లేదు. ఒక్కటే ఇబ్బంది, దీని పొడి ముక్కునీ కళ్ళనీ బాగా మండిస్తుంది. ఎన్95 మాస్క్ లేకుండా శాండింగ్ మొదలుపెట్టకండి.

మామిడి మనకి తేలిగ్గా దొరుకుతుంది. నూజివీడు వైపు తోటల్లో ముసలి చెట్లు కొట్టేసినప్పుడు కలప డిపోలకి వస్తుంది. అందానికి నా ఓటు దీనికే. ఈ నల్లటి సన్నగీతలు చూశారా? తడిదుంగలో బూజు పాకితే వచ్చే గీతలివి. కాకపోతే ఎక్కువ కాలం వదిలేస్తే చెక్క మెత్తబడి పుచ్చిపోతుంది. బెరడు తీసేసి ఉంచండి, లేదంటే పురుగు పడుతుంది. చెక్కేటప్పుడు ఇంకో చిక్కుంది. గిన్నె ఒక చుట్టు తిరిగితే రెండుచోట్ల నార ఉలికి ఎదురొస్తుంది, అక్కడ పీచు లేస్తుంది. ఎమిరీ పేపర్‌తో రుద్దితే అది పోదు. గౌజ్, అంటే గిన్నె చెక్కే ఆ గుండ్రటి ఉలి, మళ్ళీ సానబట్టి, దాని వాలు చెక్కకి ఆనించి, ఆఖరి కోత పల్చగా తీస్తే అద్దంలా వస్తుంది.

వేప గట్టిది, ఎర్రటి చేవ బాగుంటుంది. కానీ నార అటొకసారి ఇటొకసారి మెలితిరిగి ఉంటుంది. కొత్తవాళ్ళకి నేను చెప్పను.

కొండపల్లి పక్కనే ఉంది కదా, అక్కడ బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క వాడొచ్చుగా అంటారు. ఆ చెక్క తేలిక, మెత్తన. చేత్తో బొమ్మ చెక్కడానికి దానికి సాటి లేదు. గిన్నెకి మాత్రం పల్చటి అంచు నిలబడదు. కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కు ఉంది చూశారూ, షోకి పెట్టుకునే గిన్నెలో సన్నటి పగులు పూడ్చడానికి నాకు భలే నచ్చింది.

పద్ధతి త్వరగా చెప్పేస్తాను. పచ్చి చెక్కని ముందు మందంగా తీయాలి, 10 అంగుళాల గిన్నెకి గోడ 1 అంగుళం. దాన్ని కాగితం సంచిలో, దాని పొట్టులోనే కప్పెట్టి, ఫ్యాన్ గాలి తగలని మూల కొన్ని నెలలు ఉంచండి. ఆరేసరికి కాస్త కోలగా అవుతుంది, మళ్ళీ లేత్ ఎక్కించి సరిచేయాలి. ఆ సైజుకి స్పీడ్ 600 నుంచి 900 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చాలు, ముఖానికి షీల్డ్ తప్పనిసరి. పాలిష్‌కి వేరుశెనగ నూనె వద్దు, కంపు కొడుతుంది. తేనెమైనం, మినరల్ ఆయిల్ కలిపి రాయండి.

మొదటి గిన్నెకి నిద్రగన్నేరే తీసుకోండి. డిపోలో పచ్చి దుంగ దొరికిందా, ఇంటికి తెచ్చిన రోజే దుంగ అడ్డంగా కోసిన రెండు చివరలకీ మైనం కరిగించి పూసేయండి. లేత్ ఇంకా రాకపోయినా సరే.