వెయ్యేళ్ళ శిక్ష పడింది, పదిహేను నెలలకే పేరు పోయింది

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నాలుగోసారి నేను చదవను. ఇవాళ మే 25, తప్పిపోయిన పిల్లల దినం. నాకిచ్చిన అంశం ‘బాధితులకు న్యాయం, సమాజం పాత్ర’. దీన్ని అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరం, సేమూర్ అవెన్యూ 2207 నంబరు ఇంటి దగ్గర మొదలుపెడతాను.

2013 మే 6న ఆ ఇంట్లోంచి కేకలు విని పొరుగువాళ్ళు వచ్చారు. తలుపు కింది భాగం విరగ్గొట్టారు. ఆ సందులోంచి అమండా బెర్రీ ఆరేళ్ళ కూతురితో బయటపడింది. లోపల ఇంకో ఇద్దరున్నారు. 2002 ఆగస్టులో మిషెల్ నైట్, 2003 ఏప్రిల్‌లో బెర్రీ, 2004 ఏప్రిల్‌లో పద్నాలుగేళ్ళ జీనా డెహేసూస్ మాయమయ్యారు. ముగ్గురినీ బంధించినవాడు ఏరియల్ కాస్ట్రో, స్కూలు బస్సు డ్రైవరు.

ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. బెలూన్లు కట్టారు, చప్పట్లు కొట్టారు. వాణ్ణి చంపేయాలన్నారు. అదేమీ వింత కాదు, మనమూ 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులను కాల్చిచంపిన పోలీసుల మీద పూలు చల్లినవాళ్ళమే. ఆ ఎన్‌కౌంటర్ గురించి సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో ఏం చెప్పిందో చదివినవాళ్ళు ఈ హాల్లో ఎందరున్నారు? చేతులెత్తక్కర్లేదు.

కాస్ట్రో 937 అభియోగాలు ఒప్పుకున్నాడు. 2013 ఆగస్టు 1న పెరోల్ లేని యావజ్జీవం, దానిపైన మరో వెయ్యేళ్ళు. మరణశిక్ష ఎందుకు వెయ్యలేదని చాలామంది మండిపడ్డారు. నేరం ఒప్పుకుంటే మరణశిక్ష అడగబోమన్నది ఒప్పందం. దానివల్ల ఆ ముగ్గురూ నెలల తరబడి బోనెక్కి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రతి రాత్రి లెక్కా చెప్పాల్సిన పని తప్పింది. మాట్లాడతావా, మానతావా అన్నది వాళ్ళ ఇష్టానికే వదిలారు. నైట్ స్వయంగా కోర్టులో నిలబడి మాట్లాడింది, మిగతా ఇద్దరి తరఫున ఇంటివాళ్ళు మాట్లాడారు. ఆగస్టు 7న ఆ ఇల్లు కూల్చేశారు. ఇటుక ముక్క కూడా ఎవడూ ఆన్‌లైన్‌లో అమ్ముకోకుండా శిథిలాలను పిండి చేయించారు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

సెప్టెంబరు 3న వాడు జైలు గదిలో ఉరేసుకున్నాడు. పీడ విరగడైందన్నారు కొందరు, తప్పించుకుపోయాడన్నారు ఇంకొందరు. వాణ్ణి చూసివచ్చామని గార్డులు రాసిన లాగ్‌బుక్‌లో దొంగ రాతలున్నాయని తర్వాత జైలు శాఖ విచారణలోనే తేలింది. వెయ్యేళ్ళ శిక్ష నెల రోజుల్లో ముగిసింది.

దొంగ రాతలంటే అసలు సంగతి గుర్తొచ్చింది. కాదులెండి, మొదటినుంచీ నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. మిషెల్ నైట్ తప్పిపోయేనాటికి ఆమెకి 21 ఏళ్ళు. కొడుకు ఎవరి దగ్గర పెరగాలన్న గొడవ నడుస్తోంది, ఆ దిగులుతో తనే ఎటో పోయి ఉంటుందని ఇంట్లోవాళ్ళూ అనుకున్నారు. పదిహేను నెలలు తిరిగేసరికి, 2003 నవంబరులో, తప్పిపోయినవాళ్ళ జాతీయ జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. ఎందుకట? ఇంకా దొరకలేదు కదా అని అడుగుదామంటే ఇంటివాళ్ళు అందుబాటులోకి రాలేదట! అప్పటికి ఆమె ఆ ఊళ్ళోనే, ఆ ఇంట్లోనే ఉంది. పదిహేను నెలలు, వింటున్నారా? మిగతా ఇద్దరూ మైనర్లు, వాళ్ళ కోసం పోస్టర్లున్నాయి, టీవీ ఉంది, ఏటా కొవ్వొత్తులున్నాయి. ఈమె కోసం ఎవరూ రోడ్డెక్కలేదు.

ఇక్కడ పోలీసు స్టేషన్లలో కేసులు రాసే రైటర్లున్నారు, కోపం తెచ్చుకోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ‘ఉమెన్ మిస్సింగ్’ అని ఎఫ్ఐఆర్ కడతాం. పద్దెనిమిదేళ్ళు దాటిన అమ్మాయి అనగానే “ఎవరితోనో వెళ్ళుంటుందమ్మా, రెండ్రోజులు చూడండి” అన్న మాట వస్తుంది. రెండ్రోజులు చూడాలని ఏ చట్టంలోనూ లేదు. పిల్లల విషయంలో సుప్రీంకోర్టు 2013 మే 10న, క్లీవ్‌లాండ్ తలుపు విరిగిన నాలుగో రోజున, స్పష్టంగా చెప్పింది: అపహరణో అక్రమ రవాణానో అనుకునే ఎఫ్ఐఆర్ కట్టాలి. నాలుగు నెలల్లో బిడ్డ దొరక్కపోతే ఫైలు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్ళాలి.

అమ్మలూ, అక్కలూ, మీరు చెయ్యాల్సిందీ ఉంది. ఫిర్యాదుకి వెళ్ళేటప్పుడు ఈమధ్య దిగిన ఫొటోలు రెండు తీసుకెళ్ళండి, ఒకటి ముఖం, ఒకటి నిలువెత్తు. పుట్టుమచ్చలు, కుట్ల గుర్తులు, పంటి తీరు కాగితం మీద రాయండి. ఫోన్ పెట్టె ఉంటే దాని మీది ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, రాసుకోండి. పరిధి మాది కాదంటే ఏ స్టేషన్లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, కాపీ ఉచితం. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో తొంభై రోజుల్లోగా మీకు తెలపాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. అన్నిటికంటే ముఖ్యం: ఇల్లు మారినా, సిమ్ మారినా ఆ స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలిపి ముద్ర వేయించుకోండి. ఫోన్ ఎత్తలేదన్న వంకతో పేరు పోకూడదు. సోది చెప్పేవాళ్ళ దగ్గరికి మాత్రం పోకండి. బెర్రీ తల్లికి 2004లో టీవీ షోలో ఒక జోస్యురాలు “నీ బిడ్డ బతికి లేదు” అని చెప్పింది. ఆ తల్లి 2006లో చనిపోయింది, బిడ్డ బతికే ఉంది.

తిరిగొచ్చాక సంగతి. యూట్యూబ్ తమ్ముళ్ళూ, కాస్త వినండి. లైంగిక దాడి బాధితురాలి పేరు, ఆనవాళ్ళు బయటపెడితే కొత్త శిక్షాస్మృతి, న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. ముఖం బ్లర్ చేసి ఇంటి గేటు, తండ్రి దుకాణం చూపిస్తే అదీ ఆనవాలే. నైట్, బెర్రీల పేర్లు నేను చెబుతున్నానంటే, వాళ్ళే తమ పేర్లతో పుస్తకాలు రాశారు, బెర్రీ టీవీలో తప్పిపోయినవాళ్ళ గురించి చెబుతోంది, డెహేసూస్ అలాంటి కుటుంబాల కోసం ఒక కేంద్రం నడుపుతోంది. ఎప్పుడు మాట్లాడాలో వాళ్ళు నిర్ణయించుకున్నారు.

చందాలు కూడా అంతే. క్లీవ్‌లాండ్‌లో వచ్చిన పది లక్షల డాలర్ల పైచిలుకు ఒక ఫౌండేషన్ అజమాయిషీలో పెట్టారు. మనవాళ్ళు బాబాయి ఫోన్‌పే క్యూఆర్ కోడ్‌తో పాటు అమ్మాయి ఫొటో కూడా వాట్సాప్‌లో తిప్పుతారు. వద్దు. సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పరిహారం దరఖాస్తు పెట్టించండి. దోషి దొరక్కపోయినా, కేసు విచారణకి రాకపోయినా అడగొచ్చు. లైంగిక దాడి బాధితులకు ఆసుపత్రిలో ప్రథమ చికిత్స, వైద్యం ఉచితం, ప్రైవేటులో కూడా.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. సిమ్ మారిందని స్టేషన్‌కి ఇచ్చే ఉత్తరం నమూనా బయట బల్ల మీద పెట్టించాం, తలా రెండు తీసుకోండి. రైటర్లు ఉండండి, మీతో విడిగా మాట్లాడాలి.