కారణం చెప్పే తీర్పు, కారణం చెప్పని తీర్పు

అందరికీ నమస్కారం. అమెరికా కోర్టుల్లో క్రిమినల్ కేసుల విచారణ రెండు రకాలుగా నడుస్తుంది: మామూలు పౌరుల బృందం (జ్యూరీ) తీర్పు చెప్పే జ్యూరీ ట్రయల్, జడ్జి ఒక్కరే తీర్పు చెప్పే బెంచ్ ట్రయల్. వివరాల జోలికి వెళ్లేముందు ఒక్కసారి కోర్టు హాల్లోకి తొంగిచూద్దాం.

సాక్షి బోనులో ఉన్నాడు. నిందితుడి పాత కేసొకటి అతని నోట చెప్పించాలని ప్రాసిక్యూటర్ ప్రయత్నం. డిఫెన్స్ లాయరు లేచి అభ్యంతరం చెప్పాడు. జ్యూరీ ఉంటే, జడ్జి వాళ్లను లోపలి గదికి పంపిస్తారు. తలుపు మూసుకున్నాకే వాదన. ఆ ప్రస్తావన కుదరదని జడ్జి తేలిస్తే, తిరిగొచ్చి కూర్చున్న పన్నెండు మందికి ఆ సంగతే తెలియదు.

బెంచ్ ట్రయల్లో బయటికి పంపడానికి ఎవరున్నారు? సాక్ష్యం చెల్లుతుందా అని తేల్చేదీ, నేరం రుజువైందా అని తేల్చేదీ ఆ ఒక్క జడ్జే. విన్నదాన్ని విననట్టు పక్కన పెట్టాలి. శిక్షణ ఉన్నవారు కనుక పెట్టగలరని చట్టం నమ్ముతుంది. నాకంత నమ్మకం లేదు. చెవిన పడ్డ మాటను మనసులోంచి తీసేయడం ఎంత చదివినవాళ్లకైనా కష్టమే.

అయినా బెంచ్ ట్రయల్ కోరుకునేవాళ్లుంటారు. ఫొటోలు చూస్తేనే కడుపులో దేవేసే కేసు, లెక్కల చిక్కుముడి ఉన్న కేసు, చట్టంలోని ఒక్క మాట మీద ఆధారపడిన కేసు అయితే జడ్జే మేలనుకుంటారు లాయర్లు. ఒక్కరి మనసులోనైనా సందేహం నాటగలిగితే చాలనుకున్నప్పుడు జ్యూరీ వైపు మొగ్గుతారు. ఒక్క జ్యూరర్ ఒప్పుకోకపోయినా శిక్ష వేయడం కుదరదు. లూసియానా, ఒరెగాన్‌లలో పదిమంది ఒప్పుకుంటే చాలనే పద్ధతి చాలాకాలం సాగింది. 2020లో రామోస్ కేసుతో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

అసలు తేడా మాత్రం తీర్పు మాటలోనే ఉంది. జ్యూరీ 'దోషి' అనో 'దోషి కాదు' అనో చెప్పి ఊరుకుంటుంది. ఎందుకో చెప్పదు. ఫెడరల్ (అంటే కేంద్ర) కోర్టుల బెంచ్ ట్రయల్లో అయితే, తీర్పుకు ముందే ఏ పక్షమైనా అడిగితే, ఏ వాస్తవాలు రుజువయ్యాయని నమ్మారో జడ్జి వివరంగా చెప్పితీరాలి. పైకోర్టులో అప్పీలు వేసేవాడికి పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. కారణం చెప్పని తీర్పేం తీర్పు అని నేనూ మొదట్లో అనుకున్నాను. 1670 నాటి లండన్ కథ చదివాక మనసు మారింది.

క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన విలియం పెన్, విలియం మీడ్ వీధిలో మతబోధ చేశారని కేసు. కోర్టు కోరిన తీర్పు ఇవ్వడానికి జ్యూరీ ఒప్పుకోలేదు. తిండి, నీళ్లు, చలిమంట లేకుండా రాత్రుళ్లు గదిలో పెట్టి తాళం వేశారు. లొంగలేదు. జరిమానా వేశారు. బుషెల్ అనే జ్యూరర్ కట్టనని జైల్లో కూర్చున్నాడు. చివరికి ప్రధాన న్యాయమూర్తి వాన్, తీర్పు నచ్చలేదని జ్యూరర్లను శిక్షించడం చెల్లదన్నారు. ఆ మౌనం వెనక ఇంత చరిత్ర ఉంది. సంజాయిషీ అడిగే అధికారం పాలకుడి చేతిలో ఉంటే, ఆ పన్నెండు మంది ఎవరికి భయపడాలో తెలిసిందే కదా.

ఆరు నెలలకు మించి జైలు పడగల నేరమైతే జ్యూరీ కోరడం నిందితుడి హక్కు. దాన్ని వదులుకోవచ్చని 1930లో ప్యాటన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఫెడరల్ కోర్టులో ప్రాసిక్యూషన్, జడ్జి కూడా ఒప్పుకోవాలి, రాతపూర్వకంగా ఉండాలి. మామూలుగా జడ్జి ఆ కాగితం చూసి ఊరుకోరు. నిందితుణ్నే లేపి, ఏం వదులుకుంటున్నాడో తెలుసా అని అడుగుతారు. అక్కడ లాయరు మాట చాలదు. తన నోటితో తనే చెప్పాలి.