మాడ్రిడ్ నుంచి న్యూయార్క్: విమాన దూరం, సమయం మీరే లెక్క కట్టండి

[తెర మీద: గోడ మ్యాపు. మాడ్రిడ్, న్యూయార్క్ మధ్య అడ్డంగా ఎర్ర గీత]

మాడ్రిడ్, న్యూయార్క్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఒకటి 40.4 డిగ్రీల ఉత్తరం, ఇంకొకటి 40.7. మరి ముక్కుసూటిగా పడమరకు పోతే అదే దగ్గరి దారి అవ్వాలి కదా? కాదు. ఈ ఎర్ర గీత వెంబడి వెళ్తే సుమారు 5,940 కిలోమీటర్లు. దీనికన్నా 170 కిలోమీటర్లు తక్కువయ్యే దారి ఒకటుంది.

[గ్లోబు. రెండు ఊళ్ల మధ్య దారం]

గ్లోబు మీద దారం పెట్టి గట్టిగా లాగండి. చూశారా, దానంతట అదే ఉత్తరానికి జరిగింది! అట్లాంటిక్ నడిమధ్యలో 46 డిగ్రీల దాకా ఎక్కి, మళ్లీ దిగింది. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు. సీటు ముందు తెర మీద విమానం చుట్టు తిరిగి పోతున్నట్టు కనిపిస్తే కంగారు పడకండి. గుండ్రటి భూమిని చదునుగా పరిచినందువల్ల వచ్చిన వంపు అది.

[తెర మీద: క్యాలిక్యులేటర్]

ఇక లెక్క. రేఖాంశాలు 3.7, 74.0. రెండూ పడమరే కాబట్టి తీసివేస్తే తేడా 70.3 డిగ్రీలు. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయితే కలపాలి.

రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించి పక్కన పెట్టండి. తర్వాత వాటి కొసైన్లను, 70.3 కొసైన్‌ను, ఈ మూడింటినీ గుణించండి. ఈ రెండు జవాబులను కూడితే 0.617. దానికి ఇన్వర్స్ కొసైన్ నొక్కితే 51.9 డిగ్రీలు. భూమి మీద ఒక్కో డిగ్రీ సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 5,770 కిలోమీటర్లు!

క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, రేడియన్లలో ఉంటే అంతా తారుమారవుతుంది. ఇంకో మాట: భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే ఏ రెండు ఊళ్ల మధ్యా దగ్గరి దారి 20,000 దాటదు. మీ జవాబు దాటిందంటే ఎక్కడో తప్పు పోయినట్టే.

[తెర మీద: పడమటి నుంచి తూర్పుకు కదిలే బాణాలు]

పెద్ద జెట్ విమానం వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. భాగిస్తే 6 గంటల 25 నిమిషాలు. కానీ ఆ వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది. విమానాలు ఎగిరే 10, 12 కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. సగటున గంటకు 100 కిలోమీటర్ల గాలి అనుకుందాం. న్యూయార్క్ నుంచి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, నేల మీద లెక్కలో వేగం 1,000. 5 గంటల 46 నిమిషాలు. వెళ్లేటప్పుడు ఏటికి ఎదురీదినట్టే, 800. 7 గంటల 13 నిమిషాలు. దూరం ఒక్కటే, తేడా దాదాపు గంటన్నర! పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి ఇంకో అరగంట వేయండి. విమానం నేల మీద రన్‌వే దాకా కదిలే సమయం కూడా టైమ్‌టేబుల్లో ఉంటుంది, అందుకే అక్కడ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

[తెర మీద: రెండు గడియారాలు]

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి సమయం ఆ ఊరిదే. మాడ్రిడ్ 6 గంటలు ముందుంటుంది. అక్కడ మధ్యాహ్నం 12కి బయల్దేరి 8 గంటలు ఎగిరితే, న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2. తిరుగు ప్రయాణం సాయంత్రం 6కి మొదలై 7 గంటలు పడితే, మాడ్రిడ్‌లో మర్నాడు పొద్దున 7. మార్చిలో, అక్టోబర్ చివర్లో మాత్రం జాగ్రత్త. అమెరికా, యూరప్ గడియారాలు మార్చే తేదీలు వేరు. ఆ మధ్య రోజుల్లో ప్రయాణమైతే 6 బదులు 5 వేసుకోండి.